సిరోంచ షెడ్డులో కలిపిన ఆకుపచ్చ

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పేది ముక్కుకు గుడ్డ కట్టుకోమని. నేను కట్టుకోలేదు. గోదావరి గాలి ఉంది కదా అని షెడ్డు తలుపులు తెరిచిపెట్టి ముప్పై ఏడేళ్లు రంగు గన్ను పట్టాను. ఇప్పుడు మా ఇంటి మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, ఏదో మరిచిపోయినట్టు నటించి, ఊపిరి తీసుకుని మళ్లీ ఎక్కుతాను. ఆ నటన మా ఆవిడకు ఎప్పుడో తెలిసిపోయింది.

నా పేరు పోశం. సిరోంచలో కార్లకు సొట్టలు తీసి రంగులు వేసేవాణ్ణి. పోయిన ఏడాది షెడ్డు మూసేశాను. మంచిర్యాల, చంద్రపూర్ వైపు పెద్ద షోరూముల్లో రంగు పనికి చేరుతున్న మన పిల్లలు సెలవుల్లో వచ్చి నా దగ్గర కూర్చుంటున్నారు. వాళ్లకు మిషన్లున్నాయి. నంబరు కొడితే ఏ రంగు ఎంత కలపాలో కంప్యూటరే చెబుతుంది. అది చెప్పనివి కొన్ని నాకు తెలుసు, అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. షెడ్డు ఎలా పెట్టాను, కాగితాలు ఎలా తెచ్చాను, ఎవరు శాలువా కప్పారు అనేవి రాయను. కప్పినవాళ్లకే అవి గుర్తులేవు.

ఏ గట్టు మనిషికి ఏ రంగు

మా ఊరి చుట్టూ నదులే. ప్రాణహిత దాటినా గోదావరి దాటినా తెలంగాణ, ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్. ఒకప్పుడు పడవల్లో దాటేవాళ్లం. వంతెనలు వచ్చాక మూడు రాష్ట్రాల బండ్లు నా షెడ్డు ముందు ఆగడం మొదలైంది. మనిషి నోరు విప్పకముందే, బండిని చూసి ఏ గట్టు నుంచి వచ్చాడో చెప్పేవాణ్ణి.

తెలంగాణ వైపు మనిషికి తెలుపు కావాలి. పెళ్లికీ అదే, చావుకీ అదే, రేపు అమ్ముకుంటే ధర పలికేదీ అదే. ఒళ్లంతా తెల్లగా ఉంచుకుని, పైకప్పు మాత్రం నల్లగా కొట్టించుకుంటాడు. చక్రాల లోపల బ్రేకుల దగ్గర ఎర్ర రంగు అడుగుతాడు. వెనక అద్దం మీద ఇంటిపేరు జానెడు అక్షరాల్లో ఉండాలి. అహేరి, గడ్చిరోలి వైపు మనిషికి వెండి రంగు ఇష్టం. ఎర్రమట్టి దుమ్ము దాని మీద తొందరగా కనపడదు. ఆయన వెనక అద్దం మీద తన పేరు రాయించుకోడు, ‘ఆయీ-వడిలాంచా ఆశీర్వాద్’ అని మరాఠీలో తల్లిదండ్రుల దీవెన రాయించుకుంటాడు. ఇంద్రావతి అవతలివాళ్లకు రంగు అంటే రంగే. ఎరుపో నీలమో కళ్లు జిగేలుమనాలి, దానికి తోడు మెరిసే పట్టీలు, ముందు నాలుగు అదనపు లైట్లు. అడవి ఊళ్లవాళ్లు వీటి జోలికే పోరు. అడవిపందులు గుద్దకుండా ముందు గట్టి ఇనుప కమ్మీ వేయమంటారు, అంతే. ఎవరి పిచ్చి వారికి ఆనందం అంటారు గానీ, చాలాకాలం చూశాక అది పిచ్చి కాదని నాకు అర్థమైంది. ఎవరి రోడ్డును బట్టి, ఎవరి బతుకును బట్టి వాళ్ల రంగు ఉంటుంది.

తర్వాత ఫోన్లలో వీడియోలు చూసి స్పోర్ట్స్ కారు మోజు వచ్చింది. అసలు స్పోర్ట్స్ కార్లు మా వైపు ఎక్కడున్నాయి? ఉన్న చిన్న కారునే అలా చేయమనేవాళ్లు. వెనక రెక్క, వెడల్పు చక్రాలు, పక్కలకు నేలను తాకేంత పట్టీలు. చెన్నూరు నుంచి వచ్చిన ఒకతను పట్టుబట్టి ఆ పట్టీలు వేయించుకున్నాడు. వద్దన్నాను, వినలేదు. అహేరి దాకా వెళ్లి మర్నాడు వచ్చాడు. డిక్కీ తెరిచి చూపిస్తే రెండు పట్టీలూ ముక్కలై అందులో ఉన్నాయి.

“నువ్వు తీసేసినవా?” అన్నాను.

“నేనేడ తీసిన కాకా. రోడ్డే తీసింది,” అన్నాడు.

లైట్లకు నల్ల రంగు కొట్టమని అడిగినవాళ్లను నేను వెనక్కి పంపించాను. వీధి దీపాలున్న ఊళ్లో అది ఫ్యాషన్ కావచ్చు. అడవి రోడ్డు మీద అది మనిషి ప్రాణం తీస్తుంది. ఇంకొకటి కూడా నేను వేయలేదు, సైన్యం బండ్ల ఆకుపచ్చ. మామూలు బండ్లకు అది వేయకూడదు, పైగా మా అడవి దారుల్లో ఆ రంగు చూసి ఎవరు ఏమనుకుంటారో తెలియదు. ఎంతమంది బతిమాలినా ఆ డబ్బా మూత తీయలేదు. ఒక ఆకుపచ్చ విషయంలో అంత జాగ్రత్తగా ఉన్నవాణ్ణి, ఇంకో ఆకుపచ్చ విషయంలో ఎంత గుడ్డివాణ్ణయ్యానో తర్వాత చెబుతాను.

పసుపు మచ్చ

దానికంటే ముందు ఒక చిన్న తప్పు. ఈ తప్పు మీరూ చేస్తారు కాబట్టి రాస్తున్నాను.

అహేరి టీచరు ఒకాయన కారుకు పూర్తిగా కొత్త తెలుపు వేశాను. అద్దంలా వచ్చింది. సాయంత్రం తీసుకెళ్లి, మర్నాడు పొద్దున్నే కాళేశ్వరంలో బండి పూజ చేయించాడు. బానెట్ మీద పసుపు, కుంకుమ, నూనె. మూడు రోజులకు కడిగితే పసుపు పోలేదు. కొత్త రంగు పైకి ఆరినట్టే ఉంటుంది గానీ లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది, ఏది పెడితే అది తాగేస్తుంది. బానెట్ మొత్తం గీకి మళ్లీ వేశాను. ఆయన నన్ను ఏమీ అనలేదు. “దేవుని పసుపు గీకవట్టినవు కాకా,” అని మాత్రం నొచ్చుకున్నాడు.

అప్పటి నుంచి బండి అప్పగించేటప్పుడే చెప్పేవాణ్ణి, నెల దాకా బొట్టు అద్దానికి పెట్టించండి అని. దేవుడికి అద్దమైతేనేం, రేకైతేనేం. మన దగ్గర కొత్త బండి పూజకు వెళ్లకుండా ఉండదు, ఆ సంగతి ముందే తెలిసి కూడా నేను చెప్పకపోవడం నాదే తప్పు.

ఖలీల్ ఉస్తాద్ మూడు రేకులు

నాకు పని నేర్పింది మంచిర్యాలలో ఖలీల్ ఉస్తాద్. ప్రాణహిత దాటి వెళ్లి, ఆయన షెడ్డులోనే పడుకుని ఆరేళ్లు నేర్చుకున్నాను. మొదటి ఏడాది గన్ను ముట్టనివ్వలేదు. సొట్టల్లో పుట్టీ పెట్టి గరుకు కాగితంతో రుద్దడమే పని. రుద్దాక కళ్లు మూసుకుని అరచేత్తో తడమమనేవాడు. “కండ్లు అబద్ధం చెప్తయ్ పోశం. చెయ్యి చెప్పదు,” అనేవాడు. ఆ మాట ఇప్పటికీ నిజం. పుట్టీ సరిగా లేకుండా ఎంత మెరుపు వేసినా పైన పటారం లోన లొటారమే. రెండు వానాకాలాలు గడిస్తే బండారం బయటపడుతుంది.

ఉస్తాద్ దగ్గర ఇంకొకటి కూడా నేర్చుకున్నాను, అది నేర్చుకోకుండా ఉంటే బాగుండేది. గిరాకీ వచ్చి రంగు ఎంచుకోవాలంటే ఆయన మూడే రేకులు ముందు పెట్టేవాడు. రెండింటి మీద పనికిమాలిన రంగులుండేవి, మూడోది ఆయన వేయదలుచుకున్నది. గిరాకీ తానే ఎంచుకున్నానని సంతోషపడి వెళ్లేవాడు. “ఆల్లకు రంగేమెరుక? మనమే చూడాలె ఆల్ల కోసం,” అనేవాడు. ఆయన చేయి గొప్పది, కాదనను. కానీ ఎదుటి మనిషిని అడిగే అలవాటు ఆయనకు లేదు. నాకూ రాలేదు. సొంత షెడ్డు పెట్టాక నేనూ మూడు రేకులే పెట్టాను.

వెనక సీటు లేని కారు

నా పని చివరి సంవత్సరాల్లో అంకిస నుంచి తిరుపతి అనే అతను వచ్చాడు. అంకిస సిరోంచ తాలూకాలోనే, గోదావరి దగ్గరి ఊరు. వరి పండిస్తారు, చేపలు పడతారు. తిరుపతి తండ్రి లస్మయ్య నాకంటే పది పన్నెండేళ్లు పెద్ద. మా రెండిళ్లకూ గుంట భూమి ఉండేది కాదు. మా పెద్దవాళ్లంతా కర్ర డిపోలో టేకు దుంగలు మోసినవాళ్లే. తిరుపతి చదువుకుని వంతెనలు కట్టే కంపెనీలో ఇంజనీరు అయ్యాడు.

అతను తెచ్చింది నిజమైన స్పోర్ట్స్ కారు. రెండు తలుపులు, రెండు సీట్లు, నేలకు జానెడు ఎత్తు. హైదరాబాదులో ఎవరో బాగా వాడి పక్కన పెట్టిన పాత బండి. పసుపు రంగు వెలిసిపోయి, ముందు భాగం చీకిపోయి ఉంది. నా జీవితంలో అలాంటి బండిని ముట్టుకోవడం అదే మొదలు, అదే చివర. చుట్టూ రెండు సార్లు తిరిగి, ఈ రోడ్ల మీద దీనితో నీకేం పని అని అడిగాను.

“బాపు కోసం కాకా,” అన్నాడు.

“మీ బాపు మోకాళ్లకు గిది పడ్తదా? మంచిగ ఎత్తున్నది తెల్లది తీస్కరాకపోయినవ్.”

తిరుపతి తలుపు తీసి లోపలి రెండు సీట్లూ చూపించాడు. తర్వాత చెప్పాడు. “బాపు ఇంతవరకు ముందర సీట్ల కూసోలే కాకా. జీపైనా, ట్రాక్టరైనా, ఎవల కారైనా, తలుపు తీస్తె ఎనకకే పోతడు. ముందటికి రమ్మంటె నాకిట్లనే మంచిగున్నది అంటడు. గిండ్ల ఎనక సీటే లేదు. కూసుంటె ముందటనే కూసోవాలె. ఒక్కపారి కాళేశ్వరం తీస్కపోత, గంతే.”

ఆ బండికి నా చేతిలో ఉన్న పనంతా పెట్టాలని అప్పుడే అనుకున్నాను.

“రంగేది?” అన్నాను.

“తెలుపు మాత్రం వద్దు. మల్ల ఎవ్వని కారుకు ఉండొద్దు. నువ్వే చెప్పు.”

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అలాంటి గిరాకీ కోసమే నేను ఏళ్లుగా చూస్తున్నాను. రేకులు తెచ్చి పెట్టాను. ఒకటి చచ్చిన నారింజ, ఒకటి డబ్బా అడుగున మిగిలిన నీలం. మూడోది ముదురు ఆకుపచ్చ. వాన వెలిశాక టేకు ఆకు మీద ఉండే రంగు, కొంచెం నలుపు కలిసింది. నేను దాన్ని ఏ నంబరు చూసీ కలపలేదు. నా తలలో ఉన్నదాన్ని చూసి కలిపాను.

తిరుపతి దాన్నే పట్టుకున్నాడు. “గిది అదిరింది కాకా,” అన్నాడు.

అతనికి ఆ రంగు తెలిసే వయసు కాదు. నాకు ఆ వయసుంది.

ఠేకేదారు కారు

నేను చిన్నప్పుడు మా వైపు మొత్తానికి ఒక్కటే కారు ఉండేది. కర్ర డిపో ఠేకేదారుది, అంటే కాంట్రాక్టరుది. అంకిస రోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ వచ్చేది. దాని రంగు ఆ ఆకుపచ్చ. ప్రపంచంలో అంత అందమైన వస్తువు ఇంకొకటి లేదనుకునేవాణ్ణి. చప్పుడు వినపడగానే రోడ్డు పక్కకు ఉరికేవాణ్ణి. అమ్మ వచ్చి నా రెక్క గట్టిగా పట్టుకుని కదలకుండా నిలబెట్టేది. కూర్చున్నవాళ్లందరూ లేచేవాళ్లు. సైకిలు మీద ఉన్నవాళ్లు దిగేవాళ్లు. మగవాళ్లు భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకునేవాళ్లు. లేవనివాడికి మర్నాడు డిపోలో పని ఉండేది కాదు.

ఇదంతా నాకు గుర్తుంది. కానీ ఇన్నేళ్లు నా మనసులో ఉన్నది ఆ రంగు ఒక్కటే. అమ్మ చేయి ఎందుకంత గట్టిగా పట్టేదో నేను ఏనాడూ ఆలోచించలేదు. రంగు పనివాడికి ఉండే జబ్బు ఇది, మెరిసేదాని వెనక ఏముందో చూడడు. రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఇరవై రెండు రోజులు పని చేశాను. పాత రంగు రేకు దాకా తీసి, పుట్టీ పెట్టి, కళ్లు మూసుకుని తడిమి, ఆకుపచ్చ మూడు పూతలు, పైన మెరుపు రెండు పూతలు వేశాను. చివర నీళ్లు పోస్తూ సన్నటి గరుకు కాగితంతో రుద్ది పాలిష్ పట్టాక నా మొహం నాకే కనపడింది. ఉస్తాద్ బతికుంటే చూపించాలనిపించింది.

పొద్దున్నే తిరుపతి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అంకిస తీసుకెళ్లాడు. ఊరి బస్టాపులో సిమెంటు బెంచీ మీద రోజూ ఏడెనిమిది మంది ముసలివాళ్లు కూర్చుంటారు. బస్సు ఎక్కేవాళ్లు కొందరు, ఊరికే కూర్చునేవాళ్లు కొందరు. మేం మలుపు తిరిగి నెమ్మదిగా వస్తుంటే, వాళ్లలో ఐదుగురు లేచి నిలబడ్డారు.

“చూసినవా కాకా, లేసి చూస్తున్నరు,” అని తిరుపతి నవ్వాడు.

వాళ్లు కారును చూడటం లేదు. తలలు దించుకుని ఉన్నారు. ఇద్దరు ఆడవాళ్లు కొంగు నెత్తి మీదికి లాక్కున్నారు. చివర నిలబడ్డది లస్మయ్య. ఆయన తువ్వాలు అప్పటికే చంకలోకి వచ్చేసింది. అప్పుడు నాకు అర్థమైంది.

తిరుపతి కారు ఆపి దిగాడు. “బాపూ,” అన్నాడు.

లస్మయ్య తలెత్తి కొడుకును చూశాడు. కారును చూశాడు. తన చంకలో ఉన్న తువ్వాలును చూసుకున్నాడు. దాన్ని తీసి భుజాన వేసుకోబోతే జారి కింద పడింది. తిరుపతి వంగి తీసి ఇచ్చాడు. అప్పటికి అతనికీ ఏదో తెలిసింది గానీ, ఏమిటో తెలియలేదు.

“రా బాపు, కూసో,” అని తలుపు తీశాడు.

లస్మయ్య వెనక్కి జరిగి బెంచీ మీద కూర్చున్నాడు. “మంచిగున్నది బిడ్డా. నువ్వు తిరుగు. నేను బస్సుకస్త,” అన్నాడు.

ఎంత పిలిచినా కదల్లేదు. మేమిద్దరం సిరోంచకు తిరిగి వచ్చాం. షెడ్డు ముందు బండి ఆపాక తిరుపతి నా వైపు చూడకుండా అడిగాడు.

“ఏంది కాకా గది? ఎందుకు లేసిండ్రు?”

ఠేకేదారు సంగతి చెప్పాను. మొత్తం విని, “నీకెరుకనా మరి?” అన్నాడు.

“ఎరుకనే బిడ్డా. ఎరుకై ఉండి ఏసిన.”

అతను తిట్టలేదు. తాళంచెవి నా చేతిలో పెట్టి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

అడగడం

నాలుగు రోజులు బండి మీద గుడ్డ కప్పి ఉంచాను. ఇంకే పనీ చేయబుద్ధి కాలేదు. ఐదో రోజు బస్సెక్కి అంకిస వెళ్లాను. లస్మయ్య బెంచీ మీదే ఉన్నాడు. పక్కన కూర్చుని, తప్పు నాదే అన్నా అని చెప్పాను.

“నీదేముంది పోశం,” అన్నాడు. “మంచి రంగే. నాకు గప్పుడు సుత మంచిగనే అనిపిస్తుండె.” కాలు ముందుకు చాపి మళ్లీ అన్నాడు. “ఒకపారి నా కాలుకు ముల్లిరిగింది. గీడనే కూసోని తీసుకుంటున్న. ఠేకేదారు బండి అచ్చింది. లేస్తనే ఉన్న, అంతల దాటిపోయింది. మల్ల వానలు పడేదాంక నన్ను డిపోకు రానియ్యలే. ఇండ్ల పొయ్యి ముట్టలే ఎన్నో దినాలు. మొన్న నా కొడుకు బండి చూసి కాళ్లు వాటంతటవే లేసినయ్. నేను లేపలే.”

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. ఆయన నా వీపు మీద చేయి వేసి, “జర ఊకో, అందరు చూస్తున్నరు,” అన్నాడు.

అప్పుడు నా జీవితంలో మొదటిసారి, రేకులేవీ చేతిలో లేకుండా ఒక మనిషిని అడిగాను. “అన్నా, ఏ రంగు ఎయ్యాలె?”

“నన్నేమడుగుతవ్. కారు పోరనిది.”

“కూసునేటోనివి నువ్వు.”

ఆయనను ఆ మాట అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేదు. ఇంటి గోడకు సున్నం తప్ప రంగు ఎంచుకునే పని ఆయన బతుకులో పడలేదు. రోడ్డు వైపు చూశాడు. ఇంతలో అసరెల్లి నుంచి ఎస్టీ బస్సు, అంటే మహారాష్ట్ర సర్కారు బస్సు, వచ్చి ఆగింది. ఎర్రది, దుమ్ము కొట్టుకుపోయింది. జనం తోసుకుంటూ ఎక్కారు. లస్మయ్య గడ్డం ఎత్తి దాన్ని చూపించాడు.

“గా రంగు.”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

“ఎందుకన్నా?”

“గండ్ల కండక్టరు టికెట్ చింపిచ్చిండంటె సీటు మనదే. ఎవడచ్చినా లెవ్వుమనడు.”

తిరుపతికి చెబితే తల పట్టుకున్నాడు. “స్పోర్ట్స్ కారుకు ఎస్టీ రంగా కాకా? చంద్రపూర్ దాంక నవ్వుతరు.”

“నవ్వనియ్. నువ్వు చంద్రపూర్ కోసం కొన్నవా గీ కారు?” అన్నాను.

బండి మీది గుడ్డ లేపి ఒకసారి చూశాడు. తర్వాత, “ఎయ్యి కాకా,” అన్నాడు.

పిల్లలు గుర్తుపెట్టుకోవాలి, ఆకుపచ్చ మీద నేరుగా ఎరుపు పడదు. ఎన్ని పూతలు వేసినా అడుగు నుంచి నల్లగా లాగుతుంది. ముందు మొత్తం రుద్ది, ప్రైమరు కొట్టి ఆకుపచ్చను మూసేసి, దాని మీద లేత పూత ఇచ్చి, అప్పుడు ఎరుపు పెట్టాలి. నేను సిరోంచ బస్టాండులో మూడు రోజులు రేకు పట్టుకుని బస్సు పక్కన నిలబడ్డాను. కొత్త బస్సు ఎరుపు వేరు, పాత బస్సు ఎరుపు వేరు. ఒక కండక్టరు వచ్చి, “ఏంది తాతా, బస్సు కొంటవా?” అన్నాడు. లస్మయ్య రోజూ చూసే అసరెల్లి బస్సు ఎరుపుకే సరిచూసుకున్నాను. కలిపేటప్పుడు కొంచెం మెరుపు పొడి వేస్తే ఎంత బాగుంటుందో అని చేయి డబ్బా దాకా వెళ్లింది. మూత పెట్టేసి పక్కకు జరిపాను. ఆ అందం నాకు కావలసింది, ఆయన అడిగింది కాదు. కొత్త రంగు బండి ఆర్సీ పుస్తకంలో రాయించుకొమ్మని తిరుపతికి చెప్పి పని ముగించాను.

అంకిస బస్టాపు

ఈసారి నేను ముందుగా బస్సులో వెళ్లి ముసలివాళ్లతో పాటు బెంచీ మీద కూర్చున్నాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. లస్మయ్య కొత్త ధోవతి కట్టుకుని వచ్చాడు గానీ, మొహం మామూలుగానే పెట్టుకున్నాడు. ముప్పై ఏడేళ్లలో ఏ గిరాకీ ముందు బండి గుడ్డ తీసేటప్పుడూ నాకు అంత భయం వేయలేదు.

మలుపు దగ్గర ఎర్రగా కనపడింది. నేను బండిని చూడలేదు, పక్కవాళ్ల మోకాళ్లనే చూస్తున్నాను. ఒక్కరి మోకాలూ కదల్లేదు. ఒకాయన బీడీ తాగుతూనే ఉన్నాడు. ఇంకొకాయన, “ఏందిది, బస్సు పిల్లను పెట్టిందా?” అన్నాడు.

కారు మా ముందు ఆగింది. తిరుపతి దిగి ఇటు వచ్చేలోపు లస్మయ్య కూర్చున్న చోటి నుంచే చేయి ఊపి వద్దన్నాడు. తీరిగ్గా లేచి, తువ్వాలు భుజం మీద సర్దుకుని, తలుపు తానే తీశాడు.

“గింత కిందికా?” అన్నాడు సీటు చూసి.

“ఒక చెయ్యి పైన పట్టుకో బాపు.”

మోకాళ్లు పట్టుకుని, ఓసారి మూలిగి, కూర్చున్నాడు. బెంచీ మీద ఉన్న మాకంటే కిందికి ఉన్నాడు. వెనక ఉన్న రెక్క వైపు తల తిప్పి అది దేనికని అడిగాడు. గాలికని తిరుపతి చెప్పాడు. “తడి తువ్వాల ఆరేసుకోవచ్చు మంచిగ,” అన్నాడు లస్మయ్య. బెంచీ అంతా నవ్వింది. తిరుపతి కూడా నవ్వి, కళ్లు తుడుచుకుని బండి ఎక్కాడు.

కారు తిప్పుకుని సిరోంచ వైపు కదిలింది. పది గజాలు పోయిందో లేదో, గోదావరి వైపు నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని వస్తున్న ఒక ముసలామె ఎర్ర రంగు చూసి రోడ్డు మధ్యకు వచ్చి చేయెత్తింది. తిరుపతి బ్రేకు వేశాడు. లస్మయ్య కిటికీలోంచి తల బయట పెట్టాడు.

“రెండే సీట్లు అక్కా, నిండినయ్,” అన్నాడు. “ఎనక బండికి రా.”

ఆమె పక్కకు జరిగింది. కారు వెళ్లిపోయింది. “గింత చిన్న బస్సు ఎయ్యకపోతేంది,” అని గొణుక్కుంటూ వచ్చి, గంప దించి, మా పక్కన కూర్చుంది.